ఐదో రేకు

21-1-87

హబీబు ట్రంకులో ఒక్క పేజీ కూడా రాయని నోటుబుక్కు దొరికింది. అందులో రాస్తున్నాను. ఐదో తరగతి దాకానే చదివాను, తప్పులుంటే ఉంటాయి, చూసేవాళ్ళెవరు. ఇంట్లో ఏడిస్తే ఆయన చెప్పులేసుకుని బయటికి పోతాడు. పక్కింటి చెన్నమ్మ దగ్గర ఏడిస్తే సందంతా వస్తుంది. అందుకని రాసుకుంటున్నాను.

మొన్న నా కొడుకు హబీబు పోయిన నలభై రోజుల ఫాతెహా అయింది. వంట బాగా కుదిరిందన్నారు. నేను తినలేదు.

కళాయి వేసేవాళ్ళ ఇంటికి నలుగురు వచ్చినప్పుడు ఒక్క గిన్నె కూడా నల్లగా కనపడకూడదు. ఇది మా అత్త పెట్టిన పద్ధతి. ఫాతెహాకు ముందురోజు ఇల్లంతా తోమాను. గిన్నెలు, గ్లాసులు, తలుపు గొళ్ళెం కూడా. వాడి ట్రంకు తీసి బట్టలు ఎండలో వేశాను. బట్టల కింద తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో దూది మధ్య ఆరు వెండి రేకులు, ఒక్కోటి అగ్గిపెట్టెంత. నల్లగా మాసిపోయి, అక్కడక్కడా విరిగిన పాలలాగా మచ్చలు. నా కొడుకు వెండి అట్లా ఉంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? చింతపండు, బూడిద పెట్టి తోమాను. ఒక్కో రేకు మూల చిన్న చీటీ ఉంది, దాని మీద అంకె, తేదీ, అంతా వాడి చేతిరాత. దానికి తడి తగలకుండా వేలు అడ్డం పెట్టి తోమాను. ఆరూ అద్దాలయ్యాయి. మొహం చూసుకోవచ్చు.

ఆ ఒక్క పూటే చేతులకు ఏదో పని దొరికినట్టు అనిపించింది.

27-1-87

ఆయన కొలిమి వెలిగించలేదు. హోటలు వాళ్ళ డేగిసాలు నాలుగు రోజుల నుంచి వరండాలో పడి ఉన్నాయి. హోటలు మనిషి వచ్చి, "ఏందయ్యా మౌలాలీ, స్టీలు గిన్నెలు కొనుక్కోమంటావా మమ్మల్ని?" అన్నాడు. "కొనుక్కోండి, పీడా పోద్ది" అన్నాడు ఈయన. నేను లోపలి నుంచి వచ్చి సర్ది చెప్పాల్సి వచ్చింది. పోయినోడు నాకు మాత్రం కొడుకు కాదా? నేను రెండు పూటలా పొయ్యి వెలిగించడం లేదా?

30-1-87

ఏమీ లేదు.

4-2-87

మద్రాసు నుంచి కార్డు ముక్క మీద ఉత్తరం. విజయలక్ష్మి అనే అమ్మాయి, హబీబుతో పాటు అదే ల్యాబులో రీసెర్చి చేస్తోందట. బాపట్ల పిల్ల. తెలుగులోనే రాసింది, అక్షరాలు ముత్యాల్లాగా ఉన్నాయి. మూడుసార్లు చదివాను. ఆ ముక్కలు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"హబీబ్‌కు కామెర్లు ముదిరి హడావిడిగా ఇంటికి పంపినప్పుడు హాస్టలు వాళ్ళు సామాను సర్దుతూ ల్యాబు డబ్బా ఒకటి కూడా ట్రంకులో పెట్టేశారు. అందులో ఆరు వెండి రేకులుంటాయి. వాటి మీద నలుపు మురికి కాదమ్మా. హబీబ్ వాటిని ఉప్పునీళ్ళలో పెట్టి కరెంటు ఇచ్చి కావాలని చేసిన గరుకు. అతని పనంతా ఆ గరుకులోనే ఉంది. ముఖ్యంగా ఐదో రేకు. అలాంటిది మళ్ళీ మేం చేయలేకపోతున్నాం. దయచేసి ఎవరినీ ముట్టుకోనివ్వకండి, తుడవనివ్వకండి. నేనే వచ్చి తీసుకెళ్తాను, లేదా కింద రాసిన అడ్రసుకు పంపండి."

నేను కొంచెం తుడిచాను. అంతే. దుమ్ము ఉంది, తుడిచాను.

5-2-87

డబ్బా తీసి చూశాను. ఐదో రేకులో నా మొహం కనపడింది. మూత పెట్టేశాను.

దుమ్ము దులిపితే ఏమవుతుంది. వెండి వెండిలాగానే ఉంది కదా. పైగా బాగుంది.

8-2-87

పోయిన ఏడాది బక్రీదుకు వచ్చినప్పుడు వాడు కొలిమి పక్కన కూర్చుని వాళ్ళ నాన్నకు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

"ఏం పని చేస్తన్నావురా అక్కడ, మూడేళ్ళ నుంచి?" అని ఆయన అడిగాడు.

"వెలుగు రంగు మారుస్తున్నా నాన్నా. కంటికి కనపడని ఎరుపు ఒకటుంది. దాన్ని వెండి మీద వేస్తే పచ్చ వెలుగై బయటికి వస్తుంది."

"ఎర్రది పోసి పచ్చది తీస్తావా? మరి ఇంకేందిరా, ఎండు మిరపకాయలు బస్తా ఇస్తా, పచ్చి మిరపకాయలు చేసియ్యి. వినుకొండ సంతలో అమ్ముకొస్తా."

వాడు పడీ పడీ నవ్వాడు. నవ్వితే పైన పన్ను మీద పన్ను కనపడేది.

తర్వాత నా వైపు తిరిగి చెప్పాడు. మామూలు వెలుగు సంగతి మనకు తెలిసిందేనట. రెండింతలు వేస్తే రెండింతలు తిరిగొస్తుంది. ఇది అట్లా కాదట. రెండింతలు వేస్తే నాలుగింతలు, మూడింతలు వేస్తే తొమ్మిదింతలు. కానీ నున్నటి వెండి మీద వేస్తే వచ్చే పచ్చ ఉందో లేదో అన్నట్టుంటుంది, మిషను కూడా పట్టుకోలేనంత. అదే వెండిని గరుకు చేస్తే, అదీ వెంట్రుకను అడ్డంగా వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంత ఉంటుందో అంత సన్నటి గింజలు లేపితే, ఆ గింజల మొనల దగ్గర వెలుగు గుమికూడుతుందట.

"అమ్మా, కోటప్పకొండ తిరునాళ్ళలో మైదానంలో జనం ఉన్నా ఏమీ అనిపించదు. అదే జనం మెట్ల దగ్గర ఇరుకులో పడితే ఊపిరాడదు కదా. వెలుగూ అంతే. ఇరుకులో పడితే బలం వస్తుంది. బలం రెండింతలైతే పచ్చ నాలుగింతలు."

నాకు అర్థమైంది. అర్థమైందని అప్పుడు ఎంత సంబరపడ్డానో.

11-2-87

చెన్నమ్మ పాలు పోస్తూ, "ఏమే జైనాబీ, మద్రాసు నుంచి కార్డు మీద కార్డు వస్తందంట. నీ కొడుకు వాళ్ళ వెండి ఎత్తుకొచ్చాడని రాస్తన్నారా ఏంది?" అంది.

"నీ నోట్లో మన్ను పడ, ఎవరే అన్నది?"

"నేననలా. పోస్టాయన నవ్వతా అన్నాడు. ఏవో రేకులు రేకులు అని పైన రాసుందంట. ఆరంటగా? ఓ జత కడియాలొస్తయ్యే."

గిన్నె లాక్కుని తలుపేశాను. కార్డు మీద రాస్తే ఊరంతా చదువుతుందని ఆ పిల్లకు తెలియదా? చదువుకున్న పిల్ల.

ఇవాళే జవాబు రాశాను. ట్రంకులో బట్టలు, పుస్తకాలు తప్ప అటువంటి డబ్బా ఏదీ లేదమ్మా అని. కవరులో పెట్టి అంటించాను. నేనే బస్టాండు దాకా నడిచి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

12-2-87

లేదని రాస్తే పోయింది. ఇంక ఎవరూ అడగరు.

26-2-87

శివరాత్రి. పొద్దున్నుంచి సందు చివర రోడ్డు మీద ప్రభలు పోతున్నాయి, కోటప్పకొండకు. ఒక్కోటి రెండు మిద్దెలంత ఎత్తు, నిండా బల్బులు. జనం కేకలు. తలుపేసుకుని కూర్చున్నాను. జనం ఇరుకులో పడితే అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. చెవులు మూసుకుంటే అది ఇంకా బాగా వినపడుతోంది.

9-3-87

దుర్గి నుంచి రాయి వచ్చింది, వాడి సమాధికి. ఆయనే వెళ్ళి చెప్పి చేయించాడు. పేరు, తేదీ తెలుగులో చెక్కారు. రాయి నున్నగా గాజులాగా ఉంది. లారీ మనిషి దాన్ని అరచేత్తో నిమిరి, "ఎట్టా తీశాడో చూడండి నునుపు" అని మెచ్చుకున్నాడు.

"కాస్త గరుకుగా ఉంచమని చెప్పాల్సింది" అన్నాను ఆయనతో.

"ఎందుకే?"

ఎందుకంటే ఏం చెప్పను.

18-3-87

విజయలక్ష్మి మళ్ళీ రాసింది. ఈసారి కవరు. ఇది కూడా ఎక్కిస్తాను. ఎక్కించకపోతే రేపటికల్లా వేరే విధంగా గుర్తుపెట్టుకుంటానని భయం.

"అమ్మా, డబ్బా దొరకలేదని రాశారు. ఎక్కడైనా పోయి ఉంటుంది, మీ తప్పు కాదు. కానీ ఒక సంగతి మీకు చెప్పాలి. మిగతా రేకులు నున్నటి వెండి కంటే వెయ్యి రెట్లు పచ్చ వెలుగునిచ్చాయి. అలాంటివి మేం మళ్ళీ చేశాం, సరిపోయాయి. ఐదో రేకుకు పది వేల రెట్లు అని హబీబ్ నోటుబుక్కులో రాసి ఉంది. అప్పటికే అతనికి జ్వరం. ఎలా చేశాడో సగమే రాశాడు. మేం ఇరవై సార్లు చేసినా అంత రాలేదు. రేకు లేదు, మళ్ళీ రావడం లేదు. అందుకని ప్రొఫెసరు గారు ఆ అంకెను వ్యాసంలోంచి తీసేయమన్నారు. మీటింగులో ఒకరు, జ్వరంలో ఉన్న కుర్రాడు మిషను సరిగ్గా చూసి ఉండడు అన్నారు. ఇంకొకరు, డిగ్రీ తొందరలో అంకె పెంచి రాసుకుని ఉంటాడు అన్నారు. నేను లేచి వచ్చేశాను. హబీబ్ పేరు వ్యాసంలో ఉంటుంది. ఆ అంకె ఉండదు. మే నెలాఖరుకు వ్యాసం పత్రికకు పంపేస్తారు. మీకు తెలియాలని రాశాను."

పెంచి రాసుకుని ఉంటాడట.

చిన్నప్పుడు పలక మీద తొమ్మిది లెక్కలే సరిగ్గా వస్తే, పంతులు పొరపాటున పదికి పది వేస్తే, వెనక్కి వెళ్ళి ఒకటి కొట్టేయించుకుని వచ్చిన పిల్లాడు వాడు. ఎవర్రా మీరు?

19-3-87

కొద్దిగా తుడిచాను, అంతే కదా. అంత మాత్రానికి పది వేలు పోతుందా. వాళ్ళకు చేతకాక.

20-3-87

వాళ్ళకు చేతకాక కాదు.

24-3-87

ఇవాళ ఆయన కొలిమి వెలిగించాడు. పెళ్ళి వాళ్ళ డేగిసా, ఇద్దరు పట్టేంత పెద్దది. ఒకప్పుడు హబీబు ఇట్లాంటి వాటిలో దిగి ఇసక మీద పాదాలతో గిరగిరా తిరిగేవాడు, రాగి గరుకు పడేదాకా. ఇప్పుడు ఆయనే దిగాడు. గోడ పట్టుకుని తిరుగుతూ, ఆయాసపడుతూ, నన్ను పిలిచాడు.

"ఏమే. ఆ వెండి రేకులు ఎక్కడ పెట్టావు?"

"ఏ వెండి?"

"హబీబు ట్రంకులోయి. తోమావుగా, ఫాతెహా ముందురోజు."

"నీకెవరు చెప్పారు?"

"నాకొకరు చెప్పాలా? కొలిమి దగ్గర పెట్టిన చింతపండు సగం లేదు. అరుగు మీద నలుపు కడిగిన నీళ్ళు. రాగి నలుపు వేరు, వెండి నలుపు వేరు. ముప్పై ఏళ్ళ నుంచి అదే చూస్తన్నా."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"అంటే ఏం జేస్తావ్? తోమినదాన్ని మళ్ళీ మాపుతావా?" డేగిసాలోంచి దిగి కాళ్ళ ఇసక దులుపుకున్నాడు. "అయినా అది మురికి కాదని నాకు మాత్రం ఏం తెలుసు. ఆ పిల్ల ఉత్తరం నువ్వు బియ్యం డబ్బాలో పెడితే చూశా. అప్పుడు తెలిసింది."

"చదివావా?"

"చదివా. నున్నటి రాగి మీద కళాయి పట్టదు, తగరం బొట్లు బొట్లుగా జారిపోద్ది అని వాడికి ఏడేళ్ళప్పుడు నేనే చెప్పా. గరుకు చేసినాకే పట్టుద్ది అని ఈ డేగిసాల్లోనే నేర్పా. వాడు దాన్ని పట్టుకుపోయి మద్రాసులో ఎలుతురు మీద చేశాడు." ఆయన నా వైపు తిరిగాడు. "కళాయోడి పెళ్ళానివి నువ్వు. నీకు తెలియదంటే ఎవరు నమ్ముతారే?"

నేను అరిచాను. ఏమేమో అన్నాను. నీ గిన్నెలు, నీ ఇంటి పద్ధతి, మీ అమ్మ నేర్పిందే కదా నల్లగా ఉండకూడదని, అన్నాను. ఎప్పుడూ ఎదురు మాట్లాడని మనిషి, "మా అమ్మ గిన్నెలు తోమమంది, కొడుకు మాట తోమెయ్యమన్లేదు" అన్నాడు.

తగరం మాడిన వాసన వచ్చేదాకా కొలిమి సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

25-3-87

కొడుకు మాట.

లేదు అని నేను రాసిన ప్రతి రోజూ అక్కడ వాడు అబద్ధం ఆడినట్టు అవుతోంది. నేనేమో తుడిచాను తుడిచాను అని ఇక్కడ రాసుకుంటున్నాను. నాకు నేనే రాసుకునేదాంట్లో కూడా.

ఆరు రేకులూ చింతపండు, బూడిద పెట్టి తోమాను. గంటసేపు తోమాను.

27-3-87

ఉత్తరం రాశాను. నాలుగు కాగితాలు చింపాక ఐదోది పంపాను. "డబ్బా మా దగ్గరే ఉంది. ఉందని తెలిసే లేదని రాశాను. నేను తోమేశాను. హబీబు పెంచి రాయలేదు. ఆ మాట అన్నాయనకు ఇది చదివి వినిపించండి. రేకులు పనికి రావు, అయినా వచ్చి చూసుకోండి." సంతకం పెట్టాను. చానా రోజుల తర్వాత సంతకం పెట్టాను, వంకర పోయింది.

2-4-87

జవాబు లేదు.

6-4-87

జవాబు లేదు. అసహ్యించుకుంది. అసహ్యించుకోవాలి.

11-4-87

విజయలక్ష్మి వచ్చింది.

ముందు చెప్పలేదు, గుంటూరు నుంచి బస్సు దిగి అడిగి అడిగి వచ్చింది. సన్నగా, కళ్ళద్దాలు, మోచేతి దగ్గర ఏదో కాలిన మచ్చ. గుమ్మంలో నిలబడి, "హబీబ్ వాళ్ళ అమ్మగారు..." అని ఆగిపోయింది. చెన్నమ్మ పాల చెంబు పట్టుకుని వాళ్ళ అరుగు మీద బిగుసుకుపోయి చూస్తోంది.

"దొంగ సొత్తు పట్టుకుపోను వచ్చిందే, ఇంకా దగ్గరికొచ్చి చూడు" అన్నాను చెన్నమ్మతో. చెన్నమ్మ లోపలికి పోయింది.

అన్నం పెట్టాను. తింటుందో లేదో అనుకున్నా, తినింది. పెరుగన్నం వేశాక ఇంట్లో అరటిపండు ఉందా అని అడిగింది. హబీబు అట్లానే కలుపుకుంటాడు. పండు ఒలిచి ఆమె ముందు పెట్టాను. ఆమె తల ఎత్తలేదు.

చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఇంకోసారి తుడుచుకుని డబ్బా అడిగింది. ఒక్కో రేకూ చిమటాతో అంచు పట్టుకుని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూసింది. ఒకటి. రెండు. మూడు. పక్కన పెట్టేసింది. ఐదోది చాలాసేపు చూసింది.

"బాగా తోమారమ్మా" అంది.

ఒక దెబ్బ వేసినా బాగుండేది.

"తిట్టు తల్లీ" అన్నాను.

"మీ ఉత్తరం అందినరోజు తిట్టాను. రూములో ఒక్కదాన్నే, గట్టిగా. పక్క రూము వాళ్ళు తలుపు కొట్టారు." అట్లా అంటూనే రేకును ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. "అమ్మా, ఈ చీటీకి తడి తగల్లేదేం?"

"వాడి రాత ఉంది కదా. వేలు అడ్డం పెట్టాను."

"హబీబ్ చీటీ రెండు కొసలకే బంక రాస్తాడు. మధ్యలో రాయడు. రేకు పాడవుతుందని." రేకు వంచి, చీటీ అంచు కిందికి చూసింది. "ఇక్కడ నలుపుంది. చీటీ కింద ఉంది."

ఆయన కొలిమి దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"ఎంత ఉంది?"

"గోరంత ఉండొచ్చు నాన్నగారూ. కానీ చూడాలంటే చీటీ తీసేయాలి. బంక గట్టిపడింది, మామూలుగా ల్యాబులో తడిపి తీస్తాం. తడి తగిలితే కింద ఉన్నదీ పోవచ్చు. పొడిగా తీస్తే..." నా వైపు చూసింది. "చిరిగిపోతుందమ్మా. రాత పోతుంది. మీరు వద్దంటే ఇట్లానే పెట్టి వెళ్తాను."

ఐదు అంకె, పక్కన తేదీ. నవంబరు ఇరవై ఆరు. ఆరోది ముందే చేశాడట, వాడు రాసిన చివరి రాత ఇదేనట. తర్వాత పెన్ను పట్టుకోలేదట. ట్రంకులో పుస్తకాల నిండా రాత ఉంది, కానీ అది ఇంగ్లీషు, పరుగెత్తి రాసింది. ఇది నిదానంగా, గుండ్రంగా, మా బడి పంతులు నేర్పినట్టు రాసిన ఐదు. ఈ మూడు నెలలు నేను డబ్బా తీసింది వెండి కోసం కాదు, ఈ అంకె కోసం.

"ఫోటో తీసుకుందామా ముందు?" అంది ఆమె. ఎవరి దగ్గర ఉంది కెమెరా.

"తియ్యి" అన్నాను ఆయనతో. ఆమెతో కాదు.

ఆయన కత్తి తెచ్చాడు, తగరం అంచులు గీసే సన్నది. చొక్కాకు తుడిచాడు. రెండు కొసల దగ్గరా కత్తి దూర్చి మెల్లగా లేపాడు. చీటీ రెండు ముక్కలైంది. ఐదు పొట్ట దగ్గర చిరిగింది. దాని కింద గోటికంటే కాస్త చిన్నది, నల్లటి మచ్చ, పాలు విరిగినట్టు.

ఆ మచ్చను నేను ఎంత అసహ్యించుకుని తోమానో.

విజయలక్ష్మి దాన్ని చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మాట ఇవ్వలేనమ్మా. గాలికి ఎంత పోయిందో తెలీదు. చూస్తాను."

వెళ్ళేటప్పుడు ఆయన ఆమె చేతిలో ఒక పొట్లం పెట్టాడు. "నవాసాగరం. కళాయికి వాడతాం. వాడు బక్రీదుకొచ్చినప్పుడు అడిగి ఇంత పట్టకపోయాడు. ఉప్పునీళ్ళు అంటన్నావుగా, ఇది కలిపాడేమో. నాకు తెలవదు. చూడు."

"పుస్తకంలో రాయలేదు నాన్నగారూ."

"నాన్న దగ్గర తెచ్చుకున్న ఉప్పు అని అంతమంది చదువుకున్నోళ్ళ ముందర ఎట్టా రాస్తాడు."

ఆమె పొట్లాన్ని సంచిలో కాకుండా చేతిలోనే పట్టుకుని బస్సెక్కింది.

15-4-87

ఎదురు చూడటం లేదు.

22-4-87

పోస్టాయన మా సందులోకి రాలేదు.

30-4-87

రేపటి నుంచి రంజాను రోజాలు. ఆయన ఉపవాసం ఉంటానన్నాడు. కొలిమి దగ్గర ఎట్లా ఉంటావు అని గొడవ పడ్డాం. గొడవ పడితే ఇల్లు కొంచెం మామూలుగా అనిపిస్తోంది.

14-5-87

ఉత్తరం వచ్చింది. మందపాటి కవరు. అందులో గళ్ళ కాగితం పొడుగాటి ముక్క ఒకటి, మిషను పెన్ను గీసిన గీతతో.

"అమ్మా, మూడు రోజులు వరసగా చూశాం. మీరు తోమిన చోట గీత నేల మీద పాకింది. చీటీ కింద ఉన్న చోటికి వెలుగు జరపగానే ఎలా లేచిందో మీరే చూడండి. ఎనిమిది వేల నాలుగు వందల రెట్లు. ఐదు నెలలు గాలి తగిలిన తర్వాత ఇంత ఉంటే, ఆ రోజు పది వేలు ఉండి తీరుతుందని ప్రొఫెసరు గారే అన్నారు. మీటింగులో ఆ మాట అన్న ఆయనకు మీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. అంకె వ్యాసంలో ఉంటుంది.

"ఇంకొకటి. ఒకే రేకు, ఒకే వెండి, కొంత నున్నగా, కొంత గరుకుగా ఉంది. పక్కపక్కనే. పచ్చ వెలుగు పెరగడానికి గరుకే కారణం అనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం మేం చేద్దామన్నా దొరికేది కాదని ప్రొఫెసరు గారు అన్నారు. నవాసాగరంతో చేసి చూస్తున్నాం. ఇంకా ఏమీ తేలలేదు."

ఆ గీతను ఆయన, నేను అరుగు మీద పెట్టుకుని చూశాం. కాగితం సగం దాకా చీమల బారులాగా ఉంది. తర్వాత ఉన్నట్టుండి కోటప్పకొండలాగా లేచింది.

"పట్టింది" అన్నాడు ఆయన, డేగిసాకు తగరం పట్టినప్పుడు అన్నట్టే.

అంతే అన్నాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. బయటికి పోయేది ఏడవడానికేనని ఇప్పుడు తెలుసు, ఏడవనిచ్చాను.

15-5-87

సాక్ష్యం అని నా మనసు తేలిక చేయడానికి రాసిందో, నిజంగానే రాసిందో. నాకా తేలిక వద్దు. పదహారు వందలు గాలి తిన్నదట. గాలి తిన్నదెంతో, నా బొటనవేలు కింద పోయిందెంతో ఎవరు తేలుస్తారు?

విజయలక్ష్మికి జవాబు రాశాను. చీటీ రెండు ముక్కలూ ఈ పుస్తకంలోనే అంటించుకున్నానని, ఐదు కొంచెం వంకరగా అతుక్కుందని రాశాను. ఒక్కటే అడిగాను. కొంత తోమిన రేకు అని వ్యాసంలో రాస్తారు కదా, ఎవరు తోమారో కూడా రాయమని. చదివేవాళ్ళు హబీబే చేశాడనుకుంటారు. వాడు అట్లాంటి పని చేయడు.

2-6-87

పండగ అయింది. సేమ్యా చేయలేదు. చెన్నమ్మే గిన్నెలో పోసుకొచ్చి అరుగు మీద పెట్టి, "తినవే, ఊరికే నామీద కోపం పెట్టుకుంటావు" అని, నేను అనేలోపే పోయింది. గిన్నె కడిగి ఇచ్చాను. తోమలేదు.

విజయలక్ష్మి ఉత్తరం వచ్చింది. వ్యాసం పంపించారట. "అమ్మా, అలాంటి వ్యాసాల్లో ఎవరు తోమారన్నది రాయడానికి చోటుండదు. 'రేకులో కొంత భాగం నునుపు చేయబడింది' అని మాత్రమే ఉంటుంది. నేను అడిగి చూశాను. ఒప్పుకోలేదు. క్షమించండి."

చేయబడిందట.

వాళ్ళకు చోటు లేకపోతే ఇక్కడ ఉంది. హబీబు ఐదో రేకును 1986 నవంబరు ఇరవై ఆరున జ్వరంతో చేశాడు. పది వేల రెట్లు అన్నాడు, నిజమే అన్నాడు. తోమింది వాళ్ళమ్మ.